గుర్రపుడెక్క తీసి ఊరి చెరువుకు మళ్లీ ప్రాణం పోయడం ఎలా?

మా గుంటూరు పక్క పల్లెల్లో చెరువు బాగుచేయడమంటే పొక్లెయిన్ తెప్పించి, నీటి మీద తేలే గుర్రపుడెక్క మొక్కను మొత్తం ఒక్కరోజులో ఎత్తిపోసి, గట్టు మీద ఫొటో దిగడం. నెల తిరక్కుండానే నీళ్లు చిక్కటి పచ్చరంగుకు మారతాయి. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. పొడుగు కర్రకు బిగించిన ఇనుప దంతె, కొడవలి, గంపలు, నైలాన్ తాడు, నాలుగు వెదురు బొంగులు. ఈత వచ్చినవాళ్లు ఇద్దరు ఉండాలి. పని ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోండి. వానలు మొదలైతే నీటికోళ్లు గూళ్లు కట్టుకుంటాయి.

ముందు చెరువులో కలిసే మురుగుకాలువను మళ్లించండి. అందులోని నత్రజని, భాస్వరమే గుర్రపుడెక్కకు తిండి. అది ఆపకుండా ఎన్నిసార్లు పీకినా కూలి డబ్బులు దండగ.

ఇక అసలు పని. మొదటి ఏడాది మూడో వంతే తీయండి, ఒక్క గంప కూడా ఎక్కువ వద్దు. నీళ్లలోని ఎరువును ఇన్నాళ్లూ పీల్చుకున్నది ఆ మొక్కే. దాన్ని ఒకేసారి తీసేస్తే ఎండా, ఎరువూ రెండూ పాచికి దక్కుతాయి. పెరిగిన పాచి రాత్రిళ్లు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మొదట్లో నేనూ తొందరపడి మొత్తం తీయించాను. మూడో వారంలో ఒక తెల్లవారుజామున రేవు మెట్ల దగ్గర చేపపిల్లలన్నీ నోళ్లు తెరుచుకుని తేలాయి.

తీసిన చోటికీ మిగిలిన చోటికీ మధ్య తాడుకు బొంగులు కట్టి అడ్డం లాగండి, లేకపోతే గాలికి మిగతాదంతా కొట్టుకొస్తుంది. లాగిన మొక్కను వెంటనే విసిరేయకండి. నల్లటి గడ్డంలా వేలాడే వేళ్లను తెల్ల బేసిన్‌లో జాడించి చూడండి: నత్తలు, రొయ్యపిల్లలు, తూనీగ పిల్లలు బిలబిలమంటూ కదులుతాయి. వాటిని తిరిగి నీళ్లలో వదలండి. ఆ తర్వాత కుప్పను గట్టుకు అవతలివైపు వేయించాలి. ఇవతల వేస్తే కుళ్లిన రసం మళ్లీ చెరువులోకే దిగుతుంది.

కలుపు మందు కొడితే సులువు కదా అంటారు. కొట్టిన మొక్క మునిగి అక్కడే కుళ్లుతుంది, పైన చెప్పిన కథే మళ్లీ. దీన్ని తినే ముక్కుపురుగులను 1982లోనే బెంగళూరుకు తెప్పించారు. మంచివే, కానీ ఏళ్లు పడుతుంది. నా ఓటు దంతెకే.

ఖాళీ అయిన అంచున తుంగ, జమ్ము, కలువ నాటండి. అవి వేళ్లూనాకే తర్వాతి మూడో వంతు జోలికి వెళ్లండి. చెరువు మధ్య దిబ్బ మీద సర్కారు తుమ్మ ఉంటే, పరాయి చెట్టని నరికేయకండి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేది దాని మీదే.

దోమలకని గంబూసియా చేపలు వదలొద్దు. అవి దోమపిల్లలతో పాటు కప్పపిల్లల్నీ తూనీగ పిల్లల్నీ మింగేస్తాయి. దోమపిల్లలను తినే తూనీగ పిల్లలు మీకు ఊరికే దొరికాయి కదా! గడ్డిచేప అసలే వద్దు, అడుగున మొలిచే నాచును మిగల్చదు. కొర్రమీను వేయండి. అది చిన్న చేపల్ని అదుపులో పెడితే, పాచిని తినే నీటిపురుగులు కాస్త బతుకుతాయి.

విరిగిన తునక నుంచి కూడా గుర్రపుడెక్క లేస్తుంది, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ప్రతి ఆదివారం ఒకరు గంపతో గట్టంతా తిరగాలి. ఆ ఒకరు ఎవరో పని మొదలుపెట్టే రోజే తేల్చుకోండి.