కాలేజీ టెన్నిస్ దారిలో – మూడో పాఠం: కోచ్‌కి మొదటి మెయిల్

పోయిన పాఠంలో మీ పిల్లలు టెన్నిస్ ఆడుతూ చదువుకోవాలనుకునే ముప్పై అమెరికా కాలేజీల జాబితా రాయమన్నాను. రాసి ఉంటే దాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ కాలేజీలని మూడు డివిజన్లుగా విడదీసింది. మీ జాబితాలో డివిజన్ 3 కాలేజీలు ఎన్ని ఉన్నాయి? ఒకటో రెండో ఉంటే, మెయిల్ సంగతి తర్వాత, ముందు జాబితానే మార్చాలి.

అమెరికాలో ఉన్న మన ఇళ్ళల్లో డివిజన్ 3 అనగానే మూడో రకం కాలేజీ అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అంకె క్రీడా విభాగానికి సంబంధించింది, చదువుకి కాదు. ఎంఐటీ, షికాగో యూనివర్సిటీ, ఎమోరీ, జాన్స్ హాప్‌కిన్స్ టెన్నిస్ ఆడేది డివిజన్ 3లోనే. అక్కడ ఆటకంటూ స్కాలర్‌షిప్ ఉండదు, నిజమే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1లో ఉన్నా అక్కడా ఉండదు. కానీ మంచి చదువున్న కాలేజీలో నాలుగేళ్ళు జట్టులో ఆడుతూ చదువుకునే దారి అది. మన పిల్లల్లో చాలామందికి సరిపోయే దారి కూడా అదేనని నా నమ్మకం.

డివిజన్ 1లో ఇప్పుడు చోటు మరీ ఇరుకైంది. కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వడం గురించి 2025 జూన్‌లో కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో చేరిన కాలేజీలు టెన్నిస్ జట్టులో పది మందికి మించి పెట్టుకోవడానికి లేదు. పది మందిని నాలుగేళ్ళకి పంచి చూడండి. ఏడాదికి ఖాళీ అయ్యేవి రెండో మూడో. ఆ రెండు మూడు చోట్లకి ప్రపంచం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. మనవాళ్ళు అక్కడ ఆడలేదని కాదు. భారత టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. నెల్లూరు నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడి, 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయి, మరుసటి నెలే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద తొలి సెట్ గెలిచాడు. ఆ స్థాయి పిల్లలకి ఈ పాఠం అవసరం లేదు, కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారు. ఇది మిగతా పిల్లల కోసం.

జాబితాలో ఏ కాలేజీ మీ అమ్మాయికి లేదా అబ్బాయికి సరిపోతుందో తేల్చుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. కాలేజీ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఆడతారు. జట్టు వెబ్‌సైట్‌లో ఈ సీజన్ ఫలితాలు తీసి, సింగిల్స్‌లో ఐదో స్థానంలో, ఆరో స్థానంలో ఎవరు ఆడుతున్నారో పేర్లు రాసుకోండి. వాళ్ళ యూటీఆర్ ఎంతుందో చూడండి. యూటీఆర్ 1 నుంచి 16.5 వరకు ఉండే రేటింగ్, ఆడా మగా, ఏ దేశమైనా ఒకటే కొలత. హైదరాబాద్‌లో ఆడే పిల్లల్ని కూడా కోచ్‌లు ఆ కొలతతోనే చూస్తారు. మీ పిల్లల అంకె ఆ ఇద్దరికీ దగ్గరగా ఉంటే ఆ కాలేజీకి రాయొచ్చు. మొదటి స్థానంలో ఆడేవాళ్ళతో పోల్చి నిరాశ పడొద్దు, ఆ జట్టులో ఎవరికో స్నేహితులమని ఆశా పెట్టుకోవద్దు. ఐదు, ఆరు స్థానాలే చూడండి. ఆ ఇద్దరూ ఇప్పుడు ఏ సంవత్సరంలో ఉన్నారో కూడా రాసుకోండి. మీవాళ్ళు చేరే సరికి వాళ్ళు చదువు పూర్తిచేసి వెళ్ళిపోతుంటే, కోచ్‌కి అప్పుడు మనిషి కావాలి.

ఇక మెయిల్. తేదీల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఎక్కువ టెన్షన్ దీనివల్లే. టెన్నిస్‌లో డివిజన్ 1, డివిజన్ 2 కోచ్‌లు టెన్త్ గ్రేడ్ అయిపోయాక జూన్ 15 వచ్చేదాకా పిల్లలతో సెలక్షన్ గురించి మాట్లాడకూడదు, సొంతంగా జవాబూ రాయకూడదు. అది ఎన్‌సీఏఏ నియమం. అంతకు ముందు రాస్తే పిల్లల వివరాలు నింపే ఒక ఫారం లింకు రావచ్చు, ఏమీ రాకపోనూ వచ్చు. దాన్ని తిరస్కారం అనుకోవద్దు. డివిజన్ 3 కోచ్‌లకి ఆ ఆంక్ష లేదు, ఎప్పుడైనా రాయొచ్చు, ఫోన్ కూడా చేయొచ్చు.

ఆ ఫోన్ దగ్గరే మా ఇంట్లో తప్పు జరిగింది. చెప్పడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది, కానీ ఈ పాఠంలో అసలు చెప్పాల్సింది అదే.

మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు, పాపం తనకి టైమ్ లేదని, రాత్రిళ్ళు కూర్చుని తన అకౌంట్ నుంచి ఇరవై మెయిళ్ళు నేనే రాశాను. ప్రతి జట్టు గురించీ చదివి, ఒక్కో కోచ్‌కి ఒక్కో మంచి వాక్యం పెట్టాను. ఒక సాయంత్రం తను ప్రాక్టీస్ నుంచి వచ్చి పెరుగన్నం తింటుంటే ఫోన్ మోగింది. ఒక డివిజన్ 3 కోచ్. “మా డబుల్స్ మ్యాచ్ చూశానని రాశావు, సంతోషం. మా వాళ్ళు నెట్ దగ్గర నిలబడే తీరు నీకెలా అనిపించింది?” అని అడిగింది ఆవిడ. మా అమ్మాయి ఆ మ్యాచ్ చూడలేదు. ఆ వాక్యం రాసినట్టే తనకి తెలీదు. చెంచా కంచంలో పెట్టేసి నా వైపు చూసింది. నాలుగు నిమిషాల్లో ఫోన్ అయిపోయింది. ఆ కోచ్ మళ్ళీ చేయలేదు.

“అమ్మా, నా పేరుతో ఏం రాశావు?” అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి శనివారం తనే లాప్‌టాప్ తీసుకుని కూర్చుంది. నా మెయిల్‌లో సగం కూడా లేదు తను రాసింది. ఎక్కడా గొప్పలు లేవు. తన సర్వ్ ఇంకా కుదరలేదని, దాని మీద పని చేస్తున్నానని ఒప్పుకుంది. దాన్ని తీసేయమందామని నోటి దాకా వచ్చి ఆగాను. దానికి మూడో రోజున జవాబొచ్చింది, సర్వ్ గురించే అడుగుతూ.

కాబట్టి మెయిల్ పిల్లలే రాయాలి. మనం చేయగలిగింది పక్కన కూర్చుని స్పెల్లింగ్ చూడటం, కోచ్ పేరు సరిగ్గా ఉందో లేదో చూడటం. ఒక కాలేజీకి రాసిన మెయిల్‌ని కాపీ చేసి ఇంకో కాలేజీకి పంపేటప్పుడు పాత కాలేజీ పేరు అలాగే ఉండిపోవడం ఎంత మామూలో చెప్పలేను.

సబ్జెక్ట్ లైన్‌లోనే సగం పని అయిపోవాలి. “మీ జట్టులో ఆడాలని నా కల” అని రాస్తే కోచ్‌కి ఏమీ తెలియదు. “టెన్నిస్, 2027లో హైస్కూల్ పూర్తి, యూటీఆర్ 7.6, ప్లానో, టెక్సాస్” అంటే తెరవకముందే అన్నీ తెలిసిపోతాయి. లోపల ఇలా ఉంటే చాలు (పంపేది ఇంగ్లిష్‌లోనే, తీరు తెలియడానికి తెలుగులో రాస్తున్నాను):

“కోచ్, నేను ప్లానోలో లెవెన్త్ గ్రేడ్ చదువుతున్నాను. యూటీఆర్ 7.6, పోయిన వేసవిలో 6.9 ఉండేది. జీపీఏ 3.8, బయాలజీ చదవాలని ఉంది. మార్చిలో మీ జట్టు ఆడిన మ్యాచ్ ఆన్‌లైన్‌లో చూశాను. మీ డబుల్స్ జోడీలు రెండో సర్వ్‌కి కూడా నెట్‌కి రావడం నచ్చింది, నేనూ అలాగే ఆడతాను. పూర్తి సెట్ వీడియో లింకు కింద ఉంది. వచ్చే నెలలో నేను ఆడబోయే టోర్నమెంట్లు ఇవి. 2027లో చేరేవాళ్ళలో మీకు ఎంతమంది కావాలి?”

చివరి ప్రశ్న తప్పక ఉండాలి. ప్రశ్న ఉంటేనే జవాబివ్వడానికి కోచ్‌కి దారి దొరుకుతుంది. పోయిన వేసవి అంకె కూడా వదలొద్దు. ఇవాళ 7.6 ఉన్న ఇద్దరిలో కోచ్ పైకి వస్తున్నవాళ్ళనే ఇష్టపడుతుంది. పిల్లల ఫోన్ నంబరు, ఇప్పటి కోచ్ నంబరు కింద పెట్టండి. మన నంబరు అక్కర్లేదు.

వీడియో గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. గెలిచిన పాయింట్లన్నీ ఏరి, కింద పాట పెట్టి తయారుచేసే వీడియోకి డబ్బు తగలేయొద్దు. గెలిచిన పాయింట్ అందరికీ ఉంటుంది. పాయింట్ పోయాక మనిషి ఎలా ఉంటుంది, మళ్ళీ ఎంత త్వరగా బేస్‌లైన్ దగ్గరికి వస్తుంది, 30-40లో రెండో సర్వ్ ఎలా వేస్తుంది, ఇవి కోచ్‌కి కావాలి. అవి కత్తిరించని వీడియోలోనే కనబడతాయి. కోర్టు వెనక కంచెకి ఫోన్ తగిలించే మౌంట్ కొనుక్కోండి. దాన్ని కంచెకి కట్టే ఆకుపచ్చ గుడ్డ పైకి, వీలైనంత ఎత్తుకి పెట్టండి. ఫోన్ అడ్డంగా ఉండాలి, కోర్టు నాలుగు మూలలూ కనబడాలి. మొదట ఐదు నిమిషాలు సర్వ్, గ్రౌండ్‌స్ట్రోక్స్, వాలీ, తర్వాత తమతో సమానమైనవాళ్ళ మీద ఒక పూర్తి సెట్. చాలా తక్కువ స్థాయి వాళ్ళ మీద 6-0 గెలిచిన సెట్ వద్దు. 6-4 ఓడిన మంచి సెట్ ఇంకా మేలు. యూట్యూబ్‌లో లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా పెట్టుకోవచ్చు. ఇంకొకటి, కంచె దగ్గర నిలబడి “కాళ్ళు కదుపు, కాళ్ళు!” అని మనం అరిచేది మొత్తం ఆ ఫోన్‌లో రికార్డవుతుంది. దూరంగా వెళ్ళి కూర్చోండి.

మెయిల్ పంపాక జట్టు వెబ్‌సైట్‌లోని వివరాల ఫారం కూడా అదే రోజు నింపాలి, పది నిమిషాల పని. జవాబు రాకపోతే రెండు మూడు వారాలు ఆగి, ఏదైనా కొత్త ఫలితం వచ్చినప్పుడు రెండు వాక్యాల్లో మళ్ళీ రాయాలి. “నా మెయిల్ చూశారా?” అని రాయొద్దు. ముక్తసరిగా వచ్చిన జవాబుకి కూడా మర్నాటి లోపు బదులివ్వాలి, అది పిల్లలకి అలవాటు చేయాలి.

ఈ వారం పని: జాబితాలోంచి ఐదు కాలేజీలు, అందులో కనీసం మూడు డివిజన్ 3వి, తీసుకోండి. ఒక్కో జట్టు ఆడిన ఒక్కో మ్యాచ్ మీ పిల్లలు నిజంగా కూర్చుని చూడాలి. చూశాక తమకి తోచింది ఒక్క వాక్యం తామే రాసుకోవాలి. ఆ వాక్యం మీరు దిద్దొద్దు. తర్వాత ఐదు మెయిళ్ళు. వచ్చే పాఠంలో డివిజన్ 3 కోచ్‌లు మార్కులు అడిగి అడ్మిషన్ ఆఫీసుకి ముందుగా చూపించే పద్ధతి గురించి, దానికి ఏ కాగితాలు సిద్ధంగా ఉండాలో చూద్దాం.

మెయిళ్ళు పంపే ముందు పిల్లల ఫోన్‌లో వాయిస్‌మెయిల్ ఒకసారి చూడండి. నిండిపోయి ఉంటే ఖాళీ చేయించి, తమ పేరు చెప్పే గ్రీటింగ్ తమ గొంతుతోనే పెట్టమనండి.