రైఫిల్‌లో ఏది మార్చినా, వేటకు ముందు చూసుకోవాల్సినవి

వేట సీజన్ దగ్గర పడుతోందంటే చాలామంది కొత్త స్కోప్, కొత్త ట్రిగ్గర్, కొత్త స్టాక్ (భుజానికి ఆనే కొయ్య భాగం) అంటూ రైఫిల్‌ని విప్పుతారు. తప్పేం లేదు. కానీ ఒక్క స్క్రూ తిప్పినా అది నిన్నటి రైఫిల్ కాదు. నిన్నటిదాకా బాగానే పనిచేసింది కదా అన్న ధీమా దానికి చెల్లదు. మార్పులేవైనా సరే నెల ముందే ముగించి, మిగిలిన రోజులు పరీక్షలకు ఉంచుకోండి. మీరుండే చోట చట్టం ఏ మార్పులను ఒప్పుకుంటుందో, ఏ జంతువుకు ఏ కాలిబర్ (తూటా సైజు) వాడనిస్తారో డబ్బు పెట్టకముందే అధికారులను అడిగి తెలుసుకోండి.

ఇంకా కొనని వాళ్లకు ఒక మాట. రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) ఆనించి కాల్చడానికి లావు బారెల్ ఉన్న బరువైన రైఫిల్ హాయి. త్వరగా వేడెక్కదు, భుజాన్ని అంతగా తన్నదు. దాన్నే రోజంతా కొండల్లో మోస్తే సాయంత్రానికి చేతులు వణుకుతాయి, అలసిన మనిషి జాగ్రత్త మరిచిపోతాడు. అలాగని మరీ తేలికైన రైఫిల్‌కి పెద్ద కాలిబర్ పెట్టుకున్నా కష్టమే. ఆ తన్నుకి భయపడి ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూసుకోవడం అలవాటైపోతుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. స్టాక్ పొడవు చూసేటప్పుడు వేటకు వేసుకెళ్లే మందపాటి కోటుతోనే భుజానికి ఆనించి చూడండి.

తూటా విషయంలో ఎంత చాదస్తంగా ఉన్నా తక్కువే. బారెల్ మీద చెక్కిన కాలిబర్, తూటా అడుగున ముద్రించిన పేరు, రెండూ అక్షరం అక్షరం కలవాలి. .300 బ్లాక్‌అవుట్, .223 తూటాలు ఒకే మ్యాగజైన్‌లో పడతాయి, పైనుంచి చూస్తే కొత్తవాళ్లకు తేడా తెలియదు. .300 బ్లాక్‌అవుట్ బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళాలు, .223ది 0.224. పొరపాటున మొదటిది .223 రైఫిల్‌లోకి ఎక్కి పేలితే ఆ లావు బుల్లెట్‌కి సన్నటి బారెల్‌లో దారి ఉండదు. రైఫిల్ ముఖం ముందే బద్దలవుతుంది. ఇలా చాలాసార్లు జరిగింది. ఈ రెండూ మీ దగ్గర ఉంటే మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టండి, ఒకేరోజు రెండింటినీ రేంజ్‌కి తీసుకెళ్లకండి. బారెల్ మార్పించుకుంటే హెడ్‌స్పేస్‌ని (తూటా కూర్చునే చోట బోల్ట్‌కీ దానికీ ఉండాల్సిన ఖాళీని) గేజ్‌తో కొలిపించకుండా ఒక్క తూటా కూడా కాల్చవద్దు. అది తెలిసిన గన్‌స్మిత్ పని, ఇంట్లో అంచనాతో చేసేది కాదు.

నాకు ఎక్కువ భయం ట్రిగ్గర్‌తోనే. రేంజ్‌లో గ్రాముల లెక్కన తేలే ట్రిగ్గర్‌తో గురి బాగా కుదురుతుంది, నిజమే. చలికి మొద్దుబారిన వేలికి, అందులోనూ గ్లవ్ ఉన్న వేలికి, ఆ సున్నితత్వం తెలియదు. వేట రైఫిల్‌కి కిలోన్నర దగ్గర ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ట్రిగ్గర్ మార్చినా, సర్దినా ఈ పరీక్ష తప్పనిసరి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ఛాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. బోల్ట్ (ఛాంబర్‌ని మూసే కడ్డీ) మూసి సేఫ్టీ వేసి ట్రిగ్గర్‌ని గట్టిగా లాగి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. ‘టిక్’ మని చప్పుడు వచ్చిందా, ఆ రైఫిల్ ఇల్లు దాటకూడదు. తర్వాత బోల్ట్‌ని పదిసార్లు విసురుగా మూయండి. సేఫ్టీ తీసి ఉంచి, స్టాక్ అడుగుని రబ్బరు మ్యాట్ మీద కొట్టి చూడండి. ఎక్కడా ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది) పడకూడదు.

కంపెనీ బిగించింది కదా, పరవాలేదు అనుకోవద్దు. 2014లో రెమింగ్టన్ సంస్థ మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లలో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్నవాటిని వెనక్కి పిలిపించింది. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైనవన్నీ అందులోకి వచ్చాయి. బిగించేటప్పుడు వాడిన అంటుపదార్థం ఎక్కువైతే ట్రిగ్గర్ లాగకుండానే పేలే ప్రమాదం ఉందని తేలింది. పాత రైఫిల్ కొంటుంటే ఇలాంటి రీకాల్ ఉందేమో సీరియల్ నంబరుతో చూసుకోండి.

స్కోప్‌కీ కంటికీ మధ్య మూడు, నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. కూర్చుని గురి చూస్తే సరిపోయిన దూరం, కొండ మీదికి పడుకుని కాల్చేటప్పుడు తగ్గిపోతుంది. నా కుడి కనుబొమ్మ మీద నెలవంకలాంటి గాటు అలా, తన్నుకి స్కోప్ వచ్చి తగిలి పడిందే. వేటలో ఎన్ని భంగిమల్లో కాలుస్తారో అన్నింటిలోనూ చూసి, అప్పుడే స్కోప్‌ని పట్టుకునే రింగులు బిగించండి. బలం కొద్దీ బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. చాలా రింగులకు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు. తయారీదారు చెప్పిన అంకె చూసి టార్క్ రెంచ్‌తోనే తిప్పండి. స్టాక్ మార్చినవాళ్లు ఒక కాగితం ముక్కని బారెల్ కిందుగా జరిపి చూడండి. బారెల్ స్టాక్‌కి తగలకూడని రకమైతే కాగితం ఎక్కడా ఆగకుండా వెళ్లాలి.

మార్పులయ్యాక జీరో (గురి పెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్ సర్దడం) మళ్లీ మొదటినుంచి చేసుకోవాల్సిందే, అదీ వేటలో వాడే తూటాతోనే. బుల్లెట్ బరువు మారితే తగిలే చోటు మారుతుంది. వేటలో అక్కరకొచ్చేది చల్లని బారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా కాబట్టి, నాలుగైదు వేర్వేరు రోజుల్లో రోజుకి ఒక్క తూటా కాల్చి గుర్తు పెట్టుకోండి.

రేంజ్‌లో ట్రిగ్గర్ లాగినా పేలకపోతే కంగారుగా బోల్ట్ తెరవకండి. మజిల్‌ని (బారెల్ మూతిని) టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఎప్పటి చప్పుడు కాకుండా నీరసంగా ‘టప్’ మంటే ఇంకా ప్రమాదం. బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెంటనే ఆపి, తూటాలు తీసి, బారెల్ లోపల చూశాకే మరొకటి.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 140 డెసిబెళ్లు దాటిన చప్పుడు ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు, చాలా రైఫిళ్లు 150 పైనే. మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి బారెల్ మూతికి బిగించే ముక్క) పెట్టించుకుంటే తన్ను తగ్గుతుంది గానీ ఆ హోరు పక్కవాళ్ల మీదికి, మీ మీదికి మళ్లుతుంది. లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. సీసం పొడి చేతులకు అంటుతుంది, కడుక్కోకుండా ఏమీ తినకండి, పిల్లల్ని ఎత్తుకోకండి.

ఇక అడవిలో. పొదల్లో కదిలింది ఏమిటో స్కోప్‌తో వెతకవద్దు, అది మనిషైతే మీరు మనిషికి గురిపెట్టినట్టే. ఆ పనికి బైనాక్యులర్ ఉంది. గుట్ట కొమ్మున ఆకాశం కనబడేలా నిలబడ్డ జంతువుని వదిలేయండి, దాని వెనక బుల్లెట్‌ని ఆపేదేమీ ఉండదు. చిన్న .22 తూటా కూడా రెండు కిలోమీటర్లు దాటి పోగలదు, .30-06 అయితే నాలుగైదు. కంచె దాటేముందు, చెట్టు మంచె ఎక్కేముందు తూటాలు తీసేయండి. కాలు జారి మజిల్ నేలకి తగిలితే కొంచెమే మట్టి కదా అని వదలకండి. తూటాలు తీసి, బోల్ట్ బయటికి లాగి, వెనకవైపు నుంచి వెలుతురుకేసి బారెల్‌లోకి చూడండి. లోపల గుండ్రంగా, తెల్లగా వెలుగు కనబడాలి. కనబడకపోతే, శుభ్రం చేసే తీగ దగ్గర లేకపోతే, ఆ రోజుకి వెనక్కి వచ్చేయండి.