తెల్ల పెబుల్స్‌కి పాచి పడుతోందా, మట్టిలోకి దిగిపోతున్నాయా?

ఇంటి ముందు గులకరాళ్ళు పరిచాక వచ్చే తిప్పలు చాలావరకు రాళ్ళవి కావు, వాటి కింద నేలవి. మాది గుంటూరు వైపు నల్లరేగడి. గేటు పక్క జాగాలో తెల్ల పెబుల్స్ పోయిస్తే రెండు వానాకాలాలు తిరిగేసరికి సగం కనబడకుండా పోయాయి. తవ్వి, కడిగి, మళ్ళీ పరిచాక తెలిసినవి ఇవి.

రాళ్ళు మట్టిలోకి దిగిపోతుంటే

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఎండాకాలం రాళ్ళు ఆ నెర్రెల్లోకి జారిపోతాయి, వాన పడగానే మెత్తబడ్డ మట్టి మనం నడిచే బరువుకి వాటి మధ్యలోంచి పైకి వస్తుంది. కొత్త బస్తాలు తెచ్చి పైన పోస్తే అవీ అంతే, డబ్బు దండగ. ఉన్న రాళ్ళన్నీ ఎత్తి ఇసుక జల్లెడలో వేసి మట్టి రాల్చండి. నాలుగంగుళాల మట్టి తీసేసి, రెండంగుళాలు గ్రావెల్ పోసి, తడిపి దిమ్మిసతో కొట్టించండి. దానిమీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళు దిగనిచ్చి మట్టిని పైకి రానివ్వని సింథటిక్ గుడ్డ), ఆపైన రెండంగుళాల పెబుల్స్. గుడ్డ అతుకు దగ్గర ఒక పొర మీద ఇంకో పొర అరడుగు రావాలి. 100 చదరపు అడుగులకు సుమారు 700 కిలోల రాళ్ళు పడతాయి, తక్కువ తెచ్చి పల్చగా పరిస్తే గుడ్డకి ఎండ తగిలి చివికిపోతుంది. చవక అని పాలిథీన్ షీటు మాత్రం వేయకండి. నీళ్ళు ఇంకవు, పైన నిలిచి దోమలు పెడతాయి.

రాళ్ళ మధ్య కలుపు వస్తుంటే

ముందు ఒక మొక్క పీకి వేరు చూడండి. వేరు గుడ్డ పైనే ఉంటే అది నేలలోంచి రాలేదు, గాలికి వచ్చిన విత్తనం. దుమ్మూ, రాలిన ఆకులూ రాళ్ళ సందుల్లో కుళ్ళి మట్టి అవుతాయి, అందులో మొలుస్తుంది. మా వేపచెట్టు మార్చిలో ఆకు రాల్చే పది పదిహేను రోజులూ పొద్దున్నే కొబ్బరి చీపురుతో ఊడుస్తాం, ఆ ఒక్క పనితో సగం కలుపు తగ్గింది.

సూదిలా గుడ్డని పొడుచుకుని వచ్చిందంటే అది తుంగ. దానికి గుడ్డ అడ్డం కాదు, పైన పీకితే గడ్డ లోపలే ఉండిపోతుంది. అక్కడ రాళ్ళు పక్కకి తీసి గడ్డలతో సహా తవ్వి, నీళ్ళు పెట్టి రెండు మూడు వారాలు ఆగి, మళ్ళీ మొలిచినవి కూడా తీసి అప్పుడు పరవండి. ఇక్కడ ఓపిక పట్టాల్సిందే. ఉప్పు పోయమని కొందరు చెబుతారు, పోస్తే పక్క మొక్కలు కూడా పోతాయి.

పాచి పడితే

మా ఇంట్లో ఏసీ పైపు చుక్కలు పడేచోట జానెడు మేర మాత్రమే రాళ్ళు ఆకుపచ్చగా మారాయి, పక్కనే ఉన్నవి తెల్లగానే ఉన్నాయి. అంటే నీడా, ఆరని తడీ ఉంటేనే పాచి. పైపు మళ్ళించండి, నేలకి పదడుగులకి రెండంగుళాల వాలు ఇవ్వండి, రాళ్ళు బ్రష్‌తో రుద్ది రెండు రోజులు ఎండలో పోయండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి వెళ్ళొద్దు. తెల్ల రాయి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి, బుడగలు వస్తే అది పాలరాయి లాంటి సున్నపు రకం. యాసిడ్‌కి పైపొర తినేసి గరుకవుతుంది, గరుకు రాయిని పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

మొక్క ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే

అమ్మ పెట్టిన నూరువరహాల మొక్కకి ఇలాగే అయితే చాలా బాధపడ్డాం. మొక్కకి ఐరన్ అందడం లేదని గుర్తు. రేగడి అసలే క్షారం, బోరు నీళ్ళూ అంతే, పైగా మొదట్లో మేం పరిచినవి సున్నపు రాళ్ళు, అవి క్షారాన్ని ఇంకా పెంచుతాయి. కాండం చుట్టూ అడుగు మేర రాళ్ళు తీసి మాగిన పశువుల ఎరువు వేశాం, చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉండే ఐరన్) ఆకులమీద పిచికారీ చేశాం. కొత్త చిగురు పచ్చగా వచ్చింది, పాత ఆకులు మాత్రం కోలుకోలేదు. ఇలాంటి మొక్కల దగ్గర నది గులకరాళ్ళు వేసుకోవడం మేలు, వేసినా కాండానికి మూడు నాలుగంగుళాలు వదిలేయండి.

రాళ్ళు నడకబాటలోకి దొర్లుతుంటే

అంచున ఇటుక వరస రాళ్ళకంటే అంగుళం ఎత్తుగా కట్టించండి, సిమెంటు సందుల్లో అక్కడక్కడా నీళ్ళు పోయేందుకు ఖాళీ వదలమని మేస్త్రికి ముందే చెప్పండి.