పాత వీధుల మీద ప్లాన్ డ్రాఫ్ట్ వస్తే అభ్యంతరం ఎలాగ రాయాలి (ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ళకి)

ఊరి డెవలప్‌మెంట్ ప్లాన్ డ్రాఫ్ట్ (ఏ వీధిలో ఏం కట్టొచ్చు, రోడ్డు ఎంత వెడల్పు అని చెప్పే ముసాయిదా) మీద అభ్యంతరాలు చెప్పండని నోటీసు పడ్డాక మన వీధుల్లో ఎక్కువమంది చేసేది ఏటంటే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి ఊరుకోవడం, ఇంకొంచెం ఓపికుంటే "మా పురాతన వీధుల్ని కాపాడండి" అని ఒక కాయితం రాసి కింద అందరి సంతకాలు పెట్టించి ఇచ్చేయడం. ఆ కాయితంతో ఆఫీసరు చెయ్యగలిగింది ఏమీ ఉండదు, ఎందుకంటే ఏ ఇల్లు, ఏ రూలు, దాన్ని ఎలాగ మార్చాలి అన్నది అందులో లేదు కదా. అవి మూడూ ఉన్న ఒక్క పేజీ చాలు, పక్కన పెట్టెయ్యడం అంత సులువు కాదు.

ముందు ఏ చట్టం అన్నది తేల్చుకోండి. పురావస్తు శాఖ వాళ్ళ 100 మీటర్లు, 200 మీటర్లు రూలు చాలామంది విన్నారు, అది 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టుబడి నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. గంజాం జిల్లా జౌగఢ్ అశోకుడి శాసనం లాంటివాటికి అది పనికొస్తది గానీ మనం కాపురం ఉంటున్న మామూలు వీధికి రాదు. బరంపురం పట్టుచీరకి జీఐ ట్యాగ్ (ఇది ఈ ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) ఉంది కదా అంటారు కొందరు, అది చీరని కాపాడుతది, ఆ చీర నేసిన ఇంటిని కాదు. మన వీధి బతుకు తేలేది ఊరి డెవలప్‌మెంట్ ప్లాన్‌లోనూ బిల్డింగ్ రూల్స్‌లోనూ. ఒడిశాలో డెవలప్‌మెంట్ అథారిటీల (ఊరి ప్లాన్ తయారుచేసే ప్రభుత్వ సంస్థల) చట్టం 1982 నాటిది, ప్లాన్ ఖాయం చేసే ముందు డ్రాఫ్ట్ బయటపెట్టి జనం అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. ఆ గడువు దాటితే మళ్ళీ వినేవాళ్ళు దొరకరు కాబట్టి నోటీసులో ముందు ఆఖరి తేదీ చూడండి. నోటీసు ఒడియా పేపర్లో వస్తది, మనింట్లో తెలుగు పేపరే వస్తే తెలీకుండానే పోతది, అందుకే వీధికి ఒక్కరైనా అథారిటీ వెబ్‌సైటు, నోటీసు బోర్డు చూస్తూ ఉండాలి.

తర్వాత మ్యాపు. మీ వీధికి ఏ రంగు వేశారు, నివాసమా, వ్యాపారమా, రోడ్డు వెడల్పు గీత ఎవరి అరుగు మీంచి పోతోంది, పాత ప్రాంతం అని విడిగా గీత గీశారా లేదా, ఇవి చూడండి. మ్యాపు అర్థం కాకపోతే ఆఫీసుకెళ్ళి అడగండి, సిగ్గుపడే పని కాదు, చెప్పడం వాళ్ళ పని. భూలేఖ్ (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు) లోంచి మీ ఖాతా నంబరు, ప్లాట్ నంబరు తీసి దగ్గర పెట్టుకోండి, అవి లేని అభ్యంతరానికి బలం తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి, నేను ఎక్కువ పట్టుబట్టేది ఇదే. మన పాత ఇళ్ళు రైలు పెట్టెల్లాగ ఒకదానికొకటి ఆనుకుని, ముందు సన్నగా వెనక్కి పొడుగ్గా ఉంటాయి, రెండిళ్ళకీ ఒకే గోడ. కొత్త రూల్స్‌లో పక్కన ఇంత, ముందు ఇంత ఖాళీ వదలాలి అంటే ఆ సన్నటి జాగాలో ఇంక ఇల్లే మిగలదు. దాంతో ఏమవుతదంటే ఇల్లు పాడైన కుటుంబం మళ్ళీ కట్టుకోలేక అమ్మేస్తది, కొన్నవాడు నాలుగైదు ప్లాట్లు కలిపి పెద్ద బిల్డింగ్ లేపుతాడు, ఎవరూ కూల్చమని చెప్పకుండానే వీధి పోతది. అందుకని ఉమ్మడి గోడల ఇళ్ళకి పక్క ఖాళీ నుంచి మినహాయింపు, వీధివైపు ఎత్తుకి హద్దు, ప్లాట్లు కలపడానికి హద్దు, ఈ మూడూ స్పష్టంగా అడగండి.

వీధి ఎంత పాతది అన్నదాని కన్నా వీధిలో ఏం జరుగుతోంది అన్నది ఎక్కువ రాయండి. ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, పడుగు ఎక్కడ సాగదీస్తారు, మగ్గం గుంట ఏ గదిలో ఉంది, వాన నీళ్ళు ఎటు పోతాయి, అమ్మవారి ఊరేగింపు ఎటు తిరుగుతది. బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తది, అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తది, అలాంటి చోట ఫ్లైఓవరో పార్కింగో గీశారంటే గీసినాయనకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదన్నమాట, చెప్పాల్సింది మనమే. ముసలివాళ్ళని కూచోబెట్టి అడగండి, ఫోనులో రికార్డు చెయ్యండి, ప్రతి ఇంటి ముందుభాగం ఫొటో తియ్యండి. అద్దెకున్న నేతగాళ్ళని వదిలెయ్యొద్దు, సూచన ఇవ్వడానికి పట్టా అక్కర్లేదు. ఆడవాళ్ళు వచ్చే టైముకి మీటింగ్ పెట్టండి, రాత్రి తొమ్మిదికి పెడితే మగవాళ్ళ మాటే వీధి మాట అయిపోతది.

హెరిటేజ్ (కాపాడాల్సిన పాత కట్టడం) అని పేరు పడితే బాత్రూమ్ కూడా కట్టుకోనివ్వరని భయపడే మావయ్యలు ప్రతి వీధిలో ఉంటారు, ఆ భయంలో న్యాయం ఉంది, కొట్టిపారెయ్యకండి. కేంద్రం 2016లో ఇచ్చిన మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో (రాష్ట్రాలకి నమూనాగా ఇచ్చిన బిల్డింగ్ రూల్స్‌లో) హెరిటేజ్ ఇళ్ళకి మూడు గ్రేడ్లున్నాయి, మొదటి గ్రేడులో దాదాపు ఏదీ ముట్టుకోనివ్వరు, రెండో గ్రేడులో లోపలి మార్పులకి చాలావరకు ఒప్పుకుంటారు, మూడులో లోపలా బయటా కూడా. ఒక్కో ఇంటినే కాకుండా మొత్తం ప్రాంతాన్ని హెరిటేజ్ కింద పెట్టే దారి కూడా అందులో ఉంది. కాకపోతే అది మోడల్ మాత్రమే, ఇక్కడి రూల్స్‌లోకి రావాలని మనం అడగాలి, రిపేరుకి డబ్బు సాయం కూడా అదే కాయితంలో అడగాలి.

కాయితం ఇలాగ రాయొచ్చు: "నేను ఫలానా వార్డు, ఫలానా వీధి, ప్లాట్ నంబరు ఇంత దగ్గర ఉంటున్నాను. డ్రాఫ్ట్ ప్లాన్ ఇన్నో పేజీలో మా వీధిని ఇన్ని అడుగులకి వెడల్పు చెయ్యాలని ఉంది. దీనివల్ల ఇన్ని ఇళ్ళ అరుగులు, ఇన్ని మగ్గాలు పోతాయి. ఈ గీత తీసేసి వీధిని ఉన్న వెడల్పులోనే ఉంచాలని, పాత ప్రాంతంగా గుర్తించాలని కోరుతున్నాను. విచారణలో స్వయంగా మాట్లాడే అవకాశం ఇవ్వండి." ఆ చివరి వాక్యం మాత్రం మర్చిపోకండి.

ఒడియా రాయడం రాదని ఆగిపోవద్దు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం మన కష్టం చెప్పుకునే అర్జీ రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు, 1936లో ఒడిశాని వేరుచేసి సరిహద్దు గీసినంత మాత్రాన ఇక్కడ తెలుగు వాడడం ఆగిపోలేదు. అయినా చదివేది ఒడియా ఆఫీసరు కాబట్టి తెలుగు కాయితానికి ఒడియా అనువాదం జతచెయ్యండి, బడికెళ్ళే మన పిల్లలే చక్కగా రాసిపెడతారు. ఒక్క కాయితం మీద వంద సంతకాల కన్నా ఎవరి ఇంటి సంగతి వాళ్ళు రాసిన ఇరవై కాయితాలు మేలని నా అభిప్రాయం.

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి, ముద్ర వెయ్యకపోతే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి, మీ కార్పొరేటరుకి ఒక కాపీ ఇవ్వండి. విచారణకి పిలిస్తే ఫొటోలు ప్రింటు తీసి పట్టుకెళ్ళండి, ఒక్కరే మాట్లాడండి, మిగతావాళ్ళు పక్కన ఉంటే చాలు. తర్వాత ఏ కబురూ రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, ఒడిశాలో ఫారం ఏ లోనే రాయాలి, ఫీజు 10 రూపాయలు, ఐడీ జిరాక్స్ పెట్టండి. "నా అభ్యంతరం మీద ఏం నిర్ణయం తీసుకున్నారు, కారణం ఏంటి, ఆ ఫైలు కాపీ ఇవ్వండి" అని అడిగితే సరిపోతది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల లోపల మొదటి అప్పీలు వెయ్యాలి.