మారిషస్‌లో నల్లరాతి దారి: రెండు రోజుల ప్రయాణాన్ని ఎలా కుదుర్చుకోవాలి

మారిషస్ వెళ్లే మనవాళ్లలో చాలామంది సముద్రతీరపు హోటల్లో దిగి, పడవ ఎక్కి ఇల్ ఓ సెర్ఫ్ దీవికి వెళ్లి, తెల్లని ఇసుకలో ఫొటోలు తీసుకుని తిరిగి వస్తారు. ఆ ఇసుక అందమైనదే, కాని అది పగడాలూ గవ్వలూ నలిగి ఏర్పడిన పొడి. మారిషస్ అసలు దేహం నల్లరాయి. దానిని చూడాలంటే తీరం వదిలి మధ్యనున్న పీఠభూమికి ఎక్కాలి, అందుకు కనీసం రెండు రోజులు కేటాయించాలి.

ఆ రాయి మనకు కొత్తదేమీ కాదు. భూగర్భం నుంచి శిలాద్రవం ఉబికివచ్చే ఒక వేడి చోటు మీదుగా భూఫలకం మెల్లగా జరుగుతూ పోవడం వల్ల, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా పరచుకుందనీ, తరువాత మాల్దీవుల పునాదీ, దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్సూ, చివరగా పొరుగునున్న రీయూనియన్ దీవీ ఏర్పడ్డాయనీ భూవిజ్ఞానులు వివరిస్తారు. అంటే వికారాబాదు పరిసరాల్లోనూ రాజమహేంద్రవరం దగ్గరి క్వారీల్లోనూ కనిపించే నల్లరాయీ, మారిషస్ చెరకుతోటల్లోని నల్లరాయీ ఒకే పొయ్యి నుంచి వచ్చినవే. రీయూనియన్‌లో ఆ పొయ్యి ఇంకా మండుతూనే ఉంది.

దక్షిణార్ధగోళం కాబట్టి రుతువులు మనకు తలకిందులుగా ఉంటాయి. మే నుంచి అక్టోబరు వరకు చల్లగా, కొంత పొడిగా ఉంటుంది; జనవరి నుంచి మార్చి వరకు తుపానుల భయం ఎక్కువ. మన వేసవి సెలవుల్లో వెళ్లేవారు ఒక స్వెటరూ, పలుచని రెయిన్‌కోటూ పెట్టుకోవాలి, ఎందుకంటే తీరంలో ఎండ కాస్తున్న పూటనే పీఠభూమి మీద జల్లు పడుతుంటుంది. బస పడమటి తీరంలో, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ లేదా టమరిన్ వైపు చూసుకోవడం మేలు. బస్సులు ఉన్నప్పటికీ ఒకే రోజులో ఇన్ని చోట్ల ఆగడం వాటితో కుదరదు కనుక కారు అద్దెకు తీసుకోవాలి. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు.

మొదటి రోజు తెల్లవారగానే క్యూర్‌పీప్ పట్టణానికి చేరుకోవాలి, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ అక్కడ మబ్బు కమ్ముకుంటుంది. ఊరి మధ్యలోనే ట్రూ ఓ సెర్ఫ్ అనే పాత అగ్నిపర్వత బిలం ఉంది. పేరుకు అర్థం జింకల గుంత. సుమారు 80 మీటర్ల లోతున్న ఆ గిన్నె నిండా ఇప్పుడు చెట్లే. అడుగున చిన్న నీటిమడుగు ఉంటుంది. అంచు వెంబడి ఒక చుట్టు నడిస్తే చాలు.

అక్కడి నుంచి గ్రాన్ బాసాన్‌కు, అంటే గంగా తలావ్‌కు వెళ్లాలి. అది కూడా పాత బిలంలో నిలిచిన సరస్సే. 1972లో గంగాజలం తెచ్చి అందులో కలిపారు. ఒడ్డున 33 మీటర్ల ఎత్తైన శివుని విగ్రహం ఉంది. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుంచి భక్తులు కావళ్లతో కాలినడకన వస్తారు గనుక, తీర్థయాత్ర మీ ఉద్దేశం కాకపోతే ఆ వారంలో ఈ దారికి రాకపోవడమే మంచిది. కోతులున్నాయి, చేతిలో అరటిపండ్లు పట్టుకుని నడవకండి.

అక్కడి నుంచి పడమటికి సాగే దారి 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయోద్యానం గుండా పోతుంది. అలెగ్జాండ్రా జలపాతం దగ్గరా, లోయ కనిపించే మలుపు దగ్గరా ఆగి, పొడవైన తోకతో తెల్లని సముద్రపక్షులు లోయలో ఎగరడాన్ని చూడాలి. 1974లో నాలుగే మిగిలాయనుకున్న మారిషస్ కెస్ట్రెల్ డేగలు మళ్లీ పెరిగింది ఇలాంటి అడవుల్లోనే. దారి పక్కన ఎర్రని చిన్న పండ్లతో కనిపించే చైనా జామ తినడానికి బాగానే ఉంటుంది గాని, దేశీయ వృక్షాలను ఊపిరాడనివ్వకుండా అల్లుకుపోయే మొక్క అది.

షమరెల్‌ను మధ్యాహ్నం మూడు తరువాత చూడాలని నా సలహా, అయితే ప్రవేశం ఎప్పుడు ఆపేస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి. 80 మీటర్లకు పైగా ఎత్తు నుంచి నిట్టనిలువుగా దూకే జలపాతాన్ని ముందు చూసి, తరువాత అదే ఆవరణలోని ఏడురంగుల నేలకు వెళ్లాలి. లావా రాయి కాలక్రమంలో చివికి మట్టిగా మారినప్పుడు తేలిగ్గా కరిగే లవణాలు వానకు కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఎరుపు, గోధుమ ఛాయలు ఇనుమువి, నీలం, ఊదా ఛాయలు అల్యూమినియంవి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అన్నీ ఒకే ఇటుకరంగులా కనిపించి నిరాశ కలిగిస్తాయి, ఏటవాలు వెలుతురులో మాత్రం వేర్వేరుగా తేలుతాయి. మట్టి మీద అడుగు పెట్టనివ్వరు.

రెండో రోజు ఉదయం లె మోర్న్. 556 మీటర్ల ఈ కొండ బానిసత్వం నుంచి పారిపోయినవారికి ఆశ్రయమిచ్చింది. 2008లో యునెస్కో జాబితాలో చేరింది. సగం దూరం వెడల్పైన బాట. ఆ తరువాత చేతులతో పట్టుకుని రాళ్లు ఎక్కాలి, కాబట్టి పట్టున్న బూట్లు లేకపోయినా, రాత్రి వాన పడినా అక్కడే ఆగిపోవాలి; ఆ ఎత్తు నుంచీ సముద్రం చక్కగానే కనబడుతుంది. చాలామంది వెతికే ‘సముద్రం అడుగున జలపాతం’ నిజానికి ఇసుక జారి కలిగించే భ్రమ, అది హెలికాప్టర్ నుంచి చూస్తేనే అలా కనిపిస్తుంది.

మధ్యాహ్నం దక్షిణ కొసన గ్రి గ్రి చేరుకోవాలి. దీవి చుట్టూ ఉన్న పగడాల దిబ్బ అక్కడ తెగిపోవడంతో అలలు నేరుగా నల్లని కొండచరియలను కొడతాయి. స్నానానికి దిగకూడదు.

తిరుగు దారిలో చెరకుతోటల మధ్య గోపురాల్లా పేర్చిన నల్లరాళ్ల కుప్పల దగ్గర కారు ఆపండి. పొలం దున్నడానికి వీలుగా ఆ రాళ్లను ఏరినవారిలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలూ ఉన్నారు. అందుకే వారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. వారి సంతతి జరుపుకునే ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవు దినం కాబట్టి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లేవారు ఆ రోజు బ్యాంకుల పనులు పెట్టుకోకూడదు.