జీవిత రేఖాచిత్రం రాయడం నేర్చుకుందాం – 4: ఒక మనిషి, రెండు వరుసలు

కిందటి పాఠంలో తేదీల పట్టిక తయారు చేసుకున్నాం. ఈసారి దాన్ని నిలువుగా రెండు వరుసలు చేద్దాం: ఎడమవైపు ప్రజా పదవులు, కుడివైపు వృత్తి, వ్యాపారం. నమూనాగా జర్మనీ రాజకీయ నాయకుడు లోథార్ ష్పేట్‌ను తీసుకుంటున్నాను. ఒకే వరుసలో ఇమడని జీవితం ఆయనది.

ఆయన గురించి క్లుప్తంగా రాయమంటే చాలామంది ఇలా రాస్తారు: "1978 నుంచి 1991 వరకు బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్ర ముఖ్యమంత్రి. ఆ తర్వాత యెనాప్టిక్ అనే సాంకేతిక పరికరాల సంస్థ అధిపతి." తేదీలు సరైనవే. అయితే ఇది చదివినవారికి రాజకీయం ముగిశాకే వ్యాపారం మొదలైందనిపిస్తుంది. అది నిజం కాదు.

పట్టిక నింపండి. ఎడమ వరుసలో: 1937లో సిగ్మారింగెన్‌లో పుట్టారు, విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే పరిపాలనా శిక్షణ పొందారు, 1967లో బీటిగ్‌హైమ్ మేయర్, 1968లో శాసనసభ్యుడు, 1972లో సీడీయూ (క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీ) శాసనసభాపక్ష నేత. కుడి వరుసలో: 1970ల్లోనే నోయె హైమాట్ అనే గృహనిర్మాణ సంస్థలోనూ, బారెజెల్ నిర్మాణ కంపెనీలోనూ యాజమాన్య బాధ్యతలు. రెండు వరుసలూ ఒకే కాలంలో నడిచాయి. నాజీ కాలంలో నౌకాదళ న్యాయాధికారిగా చేసిన పనులు బయటపడి అప్పటి ముఖ్యమంత్రి ఫిల్బింగర్ 1978లో రాజీనామా చేసినప్పుడు, ముఖ్యమంత్రి పీఠమెక్కిన ష్పేట్‌కు పరిశ్రమవర్గాలు కొత్త కాదు.

ఈ దృష్టితో చూస్తే మిగతా జీవితం అర్థమవుతుంది. విశ్వవిద్యాలయాల పరిజ్ఞానం చిన్న కంపెనీలకు చేరాలని ముఖ్యమంత్రిగా ఆయన పట్టుబట్టారు. పరిశ్రమవర్గాలతో ఆ సాన్నిహిత్యమే ఆయన బలం. ఆయనను పడగొట్టిందీ అదే: కంపెనీల ఖర్చుతో విహారయాత్రలు చేశారన్న ఆరోపణలు రేగడంతో 1991 జనవరిలో రాజీనామా చేశారు. కొన్ని నెలలకే జర్మనీ తూర్పు భాగంలోని యేనా నగరానికి వెళ్లారు.

యేనా దగ్గర కాసేపు ఆగాలి. 1846లో కార్ల్ జైస్ అక్కడే వర్క్‌షాపు తెరిచారు; ఆప్టిక్స్ (కటకాలు, దృశ్య పరికరాలు) తయారుచేసే జైస్ కంపెనీకి అదే మొదలు. 1945లో, ఆ ప్రాంతాన్ని సోవియట్ సేనలకు అప్పగించే ముందు, అమెరికన్లు అక్కడి నిపుణులను పశ్చిమానికి తరలించారు. వారితో ఓబర్‌కోఖెన్‌లో రెండో జైస్ వెలిసింది. ఓబర్‌కోఖెన్ ఏ రాష్ట్రంలో ఉందో చూశారా? బాడెన్-వుర్టెంబర్గ్‌లో! 1991లో యేనా ఆప్టిక్స్ విభాగం ఓబర్‌కోఖెన్ చేతికి వెళ్లింది. మిగిలిన బరువంతా యెనాప్టిక్‌గా ష్పేట్ భుజాన పడింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి, ప్రభుత్వ ధనం పెద్ద ఎత్తున వచ్చింది, 1998లో కంపెనీ స్టాక్ మార్కెట్‌కు చేరింది. ఆయనను పొగుడుతూ రాసేవారు ఈ మూడింటిలో చివరిదే చెబుతారు. మీరు మూడూ చెప్పండి. 2003లో ఆయన ఆ పదవి వదిలారు, 2016లో మరణించారు.

ఈ వారం అభ్యాసం: 1991 జనవరి నుంచి జూన్ వరకు జరిగినదాన్ని ఐదు వాక్యాల్లో రాయండి. "ఆ తర్వాత" అన్న మాట ఎక్కడా వాడకండి. అప్పుడు కారణాన్ని చెప్పక తప్పదు. రాశాక ప్రతి వాక్యంలో కర్త కింద గీత గీయండి. ష్పేట్ ఒక్కరే కనిపిస్తే, తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థలను అప్పుడు నిర్వహించిన ట్రాయ్‌హాండ్‌నూ యేనా కార్మికులనూ చేర్చి మళ్లీ రాయండి.