పాత ఇంగ్లండు సైకిలు దొరికితే: ముందు చదవండి, తర్వాత విప్పండి

పాత ఇంగ్లండు సైకిలు చేతికొస్తే చేయాల్సిన మొదటి పని, దాన్ని కడక్కుండా ఉండటం. నీళ్లు కొట్టొద్దు, కిరసనాయిలు గుడ్డ పెట్టొద్దు, గరుకు కాగితం అసలే తాకనీయొద్దు. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ మురికి కిందే ఉంటాయి. కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పశువుల కొట్టాల్లో, మిద్దె మీది గదుల్లో, పాత ఇనప సామాన్ల కొట్ల వెనక ఇలాంటి సైకిళ్లు ఇప్పటికీ కనబడుతుంటాయి. తుప్పు తిన్నవాటికంటే, తొందరపడి బాగుచేయించి పాడుచేసినవే నేను ఎక్కువ చూశాను. ఒంగోలులో ఒకాయన తాతగారి సైకిలును రంగుల షాపుకు ఇచ్చి ఇసక కొట్టించాడు. కార్లకు వేసే మెరుపు నలుపు వేయించి, ఇది ఏ కంపెనీదో చెప్పమని నా దగ్గరికి తెచ్చాడు. బంగారు గీతలు పోయాయి, పేరు పోయింది, సీటు కింద కొట్టిన నెంబరు రంగులో పూడిపోయింది. చెప్పడానికి దాని మీద ఏమీ మిగల్లేదు. నాకు కడుపు తరుక్కుపోయింది.

మా నాయనకు కావలి ట్రంకు రోడ్డులో అద్దె సైకిళ్ల షాపు ఉండేది. నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అందుకని ఒక చేతికి గ్రీజు, ఇంకో చేతికి యాసిడు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇక్కడ చెప్పేవన్నీ ఈ రెండు చేతులతో చేసి చూసినవే.

ఉదాహరణకు ఇప్పుడు నా వరండాలో ఉన్న సైకిలునే తీసుకుంటాను. సైదాపురం పక్కన అభ్రకం గనిలో గుమాస్తాగా చేసిన ఒకాయన తొక్కిన బండి అది. "హెర్క్యులిస్సే గదన్నా, తూకానికి ఏసేద్దామనుకుంటిమి" అంటూ వాళ్ల మనవడు ఇచ్చాడు. హ్యాండిలు కింద గొట్టం మీద కంపెనీ బిళ్ల లేదు, రెండు రివెట్టు చిల్లులు మాత్రం ఉన్నాయి. చైన్ వీలులో బీఎస్ఏ అక్షరాలు కోసి ఉన్నాయి. చూసినవాళ్లు కొందరు హెర్క్యులిస్ అన్నారు, కొందరు బీఎస్ఏ అన్నారు. రెండూ కాదు.

పొద్దుగూకాక సైకిలును గోడకు ఆనించి, టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ఎదురుగా వేస్తే అంతా ఒకటే నలుపు. ఏటవాలు వెలుగులో మాత్రం ఊడిపోయిన పేరు అంచులు, పోటు పెట్టి కొట్టిన అంకెలు నీడలు వేసి పైకి లేస్తాయి. సీటు గొట్టం పైభాగం, సీటు బిగించే లగ్గు (గొట్టాలు కలిసే చోటి ఇనప తొడుగు), వెనక చక్రం ఇరుసు కూర్చునే రేకు, పెడళ్ల మధ్య గొట్టం అడుగు, ఈ నాలుగు చోట్లా నెంబరు కోసం వెతకండి. దొరికింది దొరికినట్టు కాగితం మీద రాసుకోండి, ఫోటో తీసుకోండి. తర్వాత మెత్తటి నూలు గుడ్డకు కొబ్బరినూనె రెండు చుక్కలు అద్ది, అరచేయంత మేర మెల్లగా తుడవండి. వెలిసిపోయిన ఎనామిలు నూనె తగలగానే కాసేపు తన పాత రంగు చూపిస్తుంది. నా సైకిలు సీటు గొట్టం బొగ్గులా ఉండేది. నూనె గుడ్డ పెట్టగానే ముదురు ఆకుపచ్చ బయటపడింది, దాని మీద వెంట్రుకవాసి బంగారు గీత ఒకటి పొడుగ్గా దిగి, మూల దగ్గర వంపు తిరిగింది. ఆ వంపులో ఒకచోట గీత కాస్త లావైంది. కుంచె పట్టిన మనిషి అక్కడ ఒక్క క్షణం చెయ్యి ఆపాడన్నమాట. ఆ గీతను థిన్నరుతో తుడిచేసే హక్కు మనకు లేదు. ఆ కాలంలో కంపెనీ పేర్లను వార్నిషుతో అతికించిన పల్చటి పొరలుగా వేసేవాళ్లు. థిన్నరు, పెట్రోలు తగిలితే పేరు మొత్తం గుడ్డకు వచ్చేస్తుంది.

ఇక కంపెనీ తేల్చడం. ఏ భాగం ఎంత సులువుగా మారుతుందో దాన్నిబట్టి దాని సాక్ష్యానికి విలువ ఇవ్వాలి. సీటు, పెడళ్లు, మడ్గార్డులు, బెల్లు చెప్పేది వినండి కానీ నమ్మొద్దు. బ్రూక్స్ సీటు, లూకాస్ బెల్లు ఏ సైకిలుకైనా ఉండొచ్చు. చైన్ వీలు కూడా మారేదే. అయినా చూడగానే ఇల్లు చెప్పే చైన్ వీళ్లున్నాయి. కొంగ తలలు కోసి ఉంటే రాలీ, అరచెయ్యి ఉంటే రడ్జ్, చుట్టూ ఐదుగురు మనుషులు పరిగెత్తుతున్నట్టుంటే హంబర్. బీఎస్ఏ దగ్గర మాత్రం జాగ్రత్త. బర్మింగ్‌హామ్‌లోని ఆ తుపాకుల కంపెనీ తన సైకిళ్లతో పాటు విడిభాగాలను కూడా ఇతరులకు విరివిగా అమ్మేది. చిన్న చిన్న షాపులవాళ్లు వాటిని కొనుక్కుని ఫ్రేముకు తగిలించి సొంత పేరు పెట్టుకునేవాళ్లు. అందుకని మూడు తుపాకులు ఆనించి నిలబెట్టిన గుర్తు ఒక భాగం మీద కనబడగానే సైకిలు మొత్తం బీఎస్ఏ అనుకోకూడదు.

ఫ్రేము, ఫోర్కు తేలిగ్గా మారవు. నా సైకిలు గుట్టు ఫోర్కే విప్పింది. మామూలు ఫోర్కుకు చక్రానికి అటొకటి ఇటొకటి లావు గొట్టాలుంటాయి. దీనికి ఒక్కో పక్కన రెండేసి సన్న గొట్టాలు ముందూ వెనకగా కిందిదాకా దిగాయి. ఆ జంట గొట్టాల ఫోర్కు హంబర్ వాళ్ల పేరుమోసిన గుర్తు. థామస్ హంబర్ పెట్టిన ఆ కంపెనీకి నాటింగ్‌హామ్ దగ్గర బీస్టన్‌లో ఫ్యాక్టరీ ఉండేది. 1932లో హంబర్ సైకిళ్ల పేరు రాలీ చేతికి వచ్చింది, అప్పట్నించి నాటింగ్‌హామ్‌లో రాలీవాళ్లే ఆ సైకిళ్లు చేశారు.

ఇది హంబరే అన్న మాట నిజమో కాదో మరలు చెప్తాయి. పెడళ్ల మధ్య గొట్టంలో ఇరుసును పట్టుకునే బాల్సు గిన్నెను బీబీ కప్పు అంటారు; ఎడమ పక్కది విప్పి, దాని మర మీద స్టీలు స్కేలు ఆనించి అర అంగుళంలో ఎన్ని గాళ్లున్నాయో లెక్కపెట్టండి. 12 వస్తే అంగుళానికి 24, ఇంగ్లండులో చాలామంది వాడిన కొలత. 13 వస్తే అంగుళానికి 26, అది రాలీ ఇంటి కొలత. భూతద్దం కింద పెట్టి సూదిమొనతో గాడి గాడీ తడుముతూ లెక్కపెట్టాలి, కంటిచూపుతో లెక్కపెడితే ఒకటి అటూ ఇటూ అవుతుంది. నాకు 13 వచ్చాయి. జంట ఫోర్కు, రాలీ మర రెండూ ఒకే మాట చెప్పాయి: ఇది రాలీవాళ్లు చేసిన హంబర్. బీఎస్ఏ చైన్ వీలు తర్వాత ఎవరో తగిలించింది.

ఈ లెక్కతో ఇంకో అవసరం కూడా ఉంది. మన కొట్లలో దొరికే బీబీ కప్పులు 24 మరవి. రాలీ ఫ్రేములోకి దాన్ని బలవంతంగా తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కి, ఫ్రేము మరను కోసేస్తుంది. పాత కప్పు గుంటలు పడకుండా ఉంటే దాన్ని ప్రాణంలా చూసుకోండి.

పేరు ఇంగ్లండుది అయినంత మాత్రాన సైకిలు ఇంగ్లండుది కాదు. మద్రాసు పక్క అంబత్తూరులో 1949లో టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులిస్ లాంటి పేర్లతో ఇక్కడే చేసింది. బెంగాలులో అసన్సోల్ దగ్గర సేన్-రాలీ ఉండేది. కాబట్టి బిళ్ల మీద, హబ్బు (చక్రం నడిమి భాగం) మీద, క్రాంకు (పెడలు తగిలించే కడ్డీ) లోపలి వైపు 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' ఉందా లేదా చూడండి. ఇక్కడ చేసినవీ మంచి సైకిళ్లే, వాటినీ ఇదే శ్రద్ధతో చూడాలి.

కాలం తేల్చడానికి స్టర్మీ ఆర్చర్ అనే ఇంగ్లండు కంపెనీ మూడు గేర్ల హబ్బు ఉంటే మీ అదృష్టం. వెనక హబ్బు మధ్యలో మురికి గీకకుండా నూనె గుడ్డతో నానబెట్టి తుడిస్తే ఏడబ్ల్యూ అన్న మోడలు అక్షరాలు, వాటితో పాటు రెండు అంకెలు కనబడతాయి. నా దాని మీద 52, 8 ఉన్నాయి. 1952 ఆగస్టు. అప్పటికి నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆ తేదీ హబ్బుది, చక్రం మారి ఉంటే సైకిలు వయసు వేరుగా ఉండొచ్చు. ఈ గేర్ల హబ్బు లేని సైకిలైతే మెరుపు చూడండి. క్రోమియం నీలం ఛాయలో మెరుస్తుంది, నికెలు కాస్త పసుపు ఛాయలో వెచ్చగా ఉంటుంది. సైకిళ్లకు క్రోమియం వాడకం 1930 ప్రాంతంలో ఊపందుకుంది, కాబట్టి అన్నీ నికెలు భాగాలే ఉంటే ఇంకా పాతదని అనుకోవచ్చు.

విప్పడం దగ్గరికి వద్దాం. మన మిల్లీమీటరు స్పానర్లు ఈ నట్లకు సరిపడవు, మూలలు అరగదీస్తాయి. పాత ఇంగ్లండు కొలతల విట్‌వర్త్ స్పానర్లు కావాలి. పాత బుల్లెట్ మోటారుసైకిళ్లు బాగుచేసే మెకానిక్కు పెట్టెలో ఇప్పటికీ ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుడు. కుడివైపు బీబీ కప్పు కూడా ఎదురు తిరుగుడే, అది పగిలి ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు, ఉన్నచోటే శుభ్రం చేయొచ్చు.

క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను దగ్గరే ఎక్కువమంది సైకిలును చంపేస్తారు. సుత్తి తీసి రెండు దెబ్బలు వేస్తారు, మర చివర పుట్టగొడుగులా నలిగిపోతుంది, ఆ దెబ్బ ఇరుసు దాటి బేరింగు కప్పుకు తగిలి గుంటలు పడతాయి. తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని రోజులు వదిలేయండి, రోజూ ఒకసారి మళ్లీ పోయండి. నట్టును మర చివరిదాకా వదులు చేసి అక్కడే ఉంచండి, అది మరను కాపాడుతుంది. పిన్ను లావు తల వైపు, అది దూరేంత రంధ్రమున్న చిన్న ఇనప గొట్టం ముక్క పెట్టి, రెండో వైపు నట్టు మీద బెంచి పట్టుకారు (వైసు) దవడ ఆనించి నెమ్మదిగా బిగించండి. లేతు షాపులో పెద్ద బెంచి పట్టుకారు ఉంటుంది, సైకిలును అక్కడికే తీసుకెళ్లడం మేలు. ఒక్కసారిగా 'టప్' మని శబ్దం వస్తుంది, పిన్ను కదిలిందన్నమాట. మా నాయన ఆ శబ్దం కోసం షాపులో అందర్నీ మాట్లాడకుండా ఉండమనేవాడు.

లోపలి బాల్సు కింద పడి దొర్లిపోకుండా నేల మీద పాత పంచె పరిచి విప్పండి. బీబీలో కప్పుకు పావు అంగుళం బాల్సు పదకొండు పడతాయి. పాతవీ కొత్తవీ కలపొద్దు, అన్నీ కొత్తవే వేయండి, ఖరీదు చాలా తక్కువ.

తుప్పుకు నా ఆయుధం ఆక్జాలిక్ యాసిడ్. ప్లాస్టిక్ టబ్బులో లీటరు నీటికి 40 గ్రాముల చొప్పున కలిపి మడ్గార్డులు, హ్యాండిలు, చైన్ వీలు మునిగేలా పెట్టండి. తుప్పును కరిగించుకుంటుంది, రంగుకు పెద్దగా హాని చేయదు. అయినా గంటకోసారి తీసి చూడండి. అల్యూమినియం భాగాలు, జింకు పూత వేసినవి, హబ్బులు, బేరింగులు ఇందులో వేయొద్దు. ఇది విషం. ఆరుబయట చేయండి, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, పిల్లలూ పశువులూ రాని చోట ఉంచండి. తీశాక సోడా ఉప్పు కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాయండి. మా కావలి గాలిలో సముద్రపు తేమ ఉంటుంది, తడి ఇనుము సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది. క్రోమియం మీద చుక్కల తుప్పుకు అల్యూమినియం రేకు కాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దితే చాలు. ఇత్తడి బిళ్ల ఉంటే చింతపండు గుజ్జు రాసి రెండు నిమిషాల్లో కడిగేయండి. అద్దంలా తోమితే అక్షరాల అంచులు అరిగిపోతాయి.

ఫ్రేముకు కుంకుడుకాయ రసం, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ. ఆరాక మైనపు పాలిష్. రంగు లేచిపోయి ఇనుము కనబడే చోట మాత్రం సన్న కుంచెతో చుక్క చుక్కగా అద్దండి. కొత్త రంగు మొత్తం వేయించొద్దని ఇన్నిసార్లు చెబుతున్నానంటే, పోయిన రంగు ఏ డబ్బుకూ తిరిగి రాదు కాబట్టి.

స్టర్మీ ఆర్చర్ హబ్బును వెంటనే విప్పకండి. నూనె పోసే చిన్న మూత తెరిచి కొంచెం కిరసనాయిలు వేసి, చక్రం తిప్పి, వంచి కారనివ్వండి. రెండు మూడుసార్లు అలా కడిగి, తేలికపాటి ఇంజినాయిలు ఒక చెంచా పోయండి. గట్టిపడిన పాత నూనె కరిగితే చాలావరకు హబ్బు దానంతటదే లేస్తుంది. గేరు తీగ సర్దడానికి గేరు మీటను రెండో గేరులో పెట్టి, కుడివైపు నట్టు కిటికీలోంచి చూడండి. తీగ లాగే చిన్న గొలుసుకు తగిలిన కడ్డీ భుజం ఇరుసు కొసతో సమానంగా ఉండాలి. లేకపోతే రెండుకూ మూడుకూ మధ్య ఎక్కడా పట్టని చోట పడి పెడలు ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది, ఎదురుగాలికి లేచి నిలబడి తొక్కేటప్పుడు మోకాలు పోతుంది.

టైర్ల దిగులు మనకు లేదు. కడ్డీ బ్రేకుల పాత సైకిళ్లకు పట్టే 28 × 1½ కొలత మన దేశంలో ఆగకుండా తయారవుతూనే ఉంది, కందుకూరు బజారులోనూ దొరుకుతుంది. ముందు చక్రానికి 32, వెనకదానికి 40 పుల్లలుండటం ఇంగ్లండు పద్ధతి, మన సైకిళ్లదీ అదే కాబట్టి పుల్లలకూ ఇబ్బంది లేదు. తోలు సీటుకు మాత్రం కొబ్బరినూనె, ఆముదం పట్టించకండి, తోలు మెత్తబడి సంచిలా జారిపోతుంది. అడుగువైపు మైనం పలచగా రాసి, ముక్కు కింద నట్టును అరచుట్టు బిగిస్తే చాలు.

కాటర్ పిన్నులు కొత్తవి వేసేటప్పుడు చదును ముఖాలు రెండు వైపులా ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలో నిలబడవు. ఆకురాయితో చదునును కొద్ది కొద్దిగా రుద్దుతూ, పెట్టి చూస్తూ, మర కావలసినంత బయటికి వచ్చేదాకా సరిచేయండి. పట్టుకారుతో నొక్కి కూర్చోబెట్టాకే నట్టు బిగించాలి, నట్టుతో లాగితే మర తెగుతుంది. మొదటి రోజు చదును రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్లు తొక్కి వచ్చి మళ్లీ నొక్కి బిగించండి, వారం తర్వాత ఇంకోసారి.